ఎటియోస్ అంటే "ట్రావెల్స్ బండి" అంటున్నారు ఇంట్లో. నడిపి చూసినవాళ్లు చెప్పండి

తెనాలి_తెల్లబోర్డు
2017 టొయోటా ఎటియోస్ డీజిల్ ఒకటి బేరానికొచ్చింది. ఒకే ఓనరు, వైట్ బోర్డు (సొంత వాడకం బండి నంబరు ప్లేటు). అదే ఏడాది మిగతా సెడాన్ల కంటే రేటు బాగా తక్కువ చెబుతున్నారు. ఇంట్లో మాత్రం ఒకటే గోల, "పోయి పోయి ట్రావెల్స్ బండి కొంటావా, పెళ్లికెళ్తే డ్రైవర్లకు భోజనాలు అటు అంటారు" అని. ఇలా అంటున్నవాళ్లలో దాని స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆదివారం టెస్ట్ డ్రైవ్ పెట్టుకున్నాం. ఆ పేరు బండి గుణం వల్ల వచ్చిందా, వాడినవాళ్ల వల్ల వచ్చిందా? నడిపేటప్పుడు ఏం చూడాలి?

గేర్‌బాక్స్_గోపి
పేరు వాడినవాళ్ల వల్లే వచ్చింది. అయితే వాళ్లు దీన్నే ఎందుకు ఎంచుకున్నారో చూడాలి. 2010 డిసెంబర్‌లో ఈ కారు వచ్చినప్పుడు టొయోటా పొదుపంతా కంటికి కనిపించే చోటే చేసింది. లోపల గట్టి ప్లాస్టిక్, డాష్‌బోర్డు మధ్యలో మీటరు, అద్దానికి ఒక్కటే వైపరు. ఇంజను, గేర్‌బాక్సు, ఏసీ, సస్పెన్షన్ జోలికి పోలేదు. షోరూంలో కూర్చుని చూసినవాడికి మొదటివే కనిపిస్తాయి. పొద్దుగూకులూ తోలేవాడికి రెండోవే కావాలి. అందుకే ట్రావెల్స్ వాళ్లు ఎగబడ్డారు, ఇళ్లవాళ్లు తప్పుకున్నారు.

ఇంకో సంగతి. జనంలో చాలామంది ఎటియోస్ ఎక్కింది లక్షల కిలోమీటర్లు తిరిగేసిన క్యాబ్‌లో, అదీ వెనక సీట్లో. షాకబ్జర్లు పోయి, టైర్లు బోడై, సీటు మీద రెక్సిన్ కవరు జారుతూ ఉంటే ఏ బండైనా అలాగే ఉంటుంది. ఇంట్లో వాడిన బండిని డ్రైవర్ సీట్లో కూర్చుని అరగంట నడిపితే అభిప్రాయం మారుతుంది. ముందు అద్దం పెద్దది, డాష్ కిందికి ఉంటుంది, బానెట్ ఎక్కడ అయిపోతుందో అంచనా అందుతుంది. టర్నింగ్ రేడియస్ 4.9 మీటర్లు. డిక్కీ 595 లీటర్లు. మన సందుల్లో ఈ రెండూ రోజూ పనికొచ్చేవే.

ఓరుగల్లు_వీల్స్
గోపి అన్న చెప్పింది సగమే కరెక్ట్. పేరు ఊకనే రాలే. డోరు వేస్తే రేకు డబ్బా మూసినట్టు సప్పుడైతది. డీజిల్ ఇంజను చల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే లోపలికే వినిపిస్తది. 90 దాటినంక టైర్ల సప్పుడు, గాలి సప్పుడు రెండూ వస్తయి. ఇన్సులేషన్ తక్కువ, అది నిజమే కదా. నడిపితే అన్నీ మారిపోతయంటే నేనొప్పుకోను. కొన్ని అభిప్రాయాలు నడిపినంక ఇంకా గట్టిపడ్తయి.

గేర్‌బాక్స్_గోపి
@ఓరుగల్లు_వీల్స్ సౌండు విషయంలో మీతో వాదం లేదు. నాలుగు డోర్లకీ లోపలి రేకు మీద బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు అంటిస్తే డోరు చప్పుడు చాలావరకు పోతుంది. టైర్ల మోత తగ్గాలంటే వీల్ ఆర్చీల లోపల, డిక్కీ ఫ్లోరు మీద వేయాలి. డోరు కింద ఉన్న నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూసేయకూడదు, మూస్తే లోపల తుప్పు. ఇంజను మోత దీనితో తగ్గదు, అది వేరే దారిలో వస్తుంది.

సుజాత_స్టీరింగ్
టెస్ట్ డ్రైవ్ అంటే చాలామంది కాలనీలో ఒక రౌండ్ కొట్టి దిగిపోతారు. ఆ రౌండులో బయటపడేది బయటి రూపమే. ఎటియోస్ లాంటి బండికి రూటు ముందే అనుకుని వెళ్లాలి. ట్రాఫిక్ ఉన్న రోడ్డు కొంత, గతుకుల రోడ్డు కొంత, హైవే కొంత, ఒక ఫ్లైఓవర్ ఎక్కుడు. వెనక ఇంట్లోవాళ్లు ముగ్గురిని కూర్చోబెట్టుకోండి. వద్దంటున్నవాళ్లనే కూర్చోబెడితే ఇంకా మంచిది! వెనక ఫ్లోరు దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి మధ్యలో కూర్చున్న మనిషి కాళ్లు ఎటో పెట్టి కష్టపడక్కర్లేదు. ఇది క్యాబ్‌లో ఎప్పుడూ ఎక్కేవాళ్లు కూడా గమనించి ఉండరు, ఎందుకంటే అక్కడ ఎప్పుడూ ఇద్దరే.

లిఫ్టుపిట్_మల్లేశ్
డీజిల్ బండి కాబట్టి వరసగా చెప్తా, ఇదే క్రమంలో చూడండి.

మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలి. ముందు రోజే ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారని అడగండి. కోల్డ్ స్టార్ట్‌లో సెల్ఫ్ ఎక్కువసేపు తిరిగితే గ్లో ప్లగ్గులో (స్టార్ట్ కోసం ఇంజను లోపల వేడి చేసేవి), బ్యాటరీయో, డీజిల్ లైన్లో గాలో కారణం. పొగ తెల్లగా వచ్చి వేడెక్కాక ఆగిపోతే ఫర్లేదు, ఆగకుండా వస్తుంటే కూలంట్ లోపలికి పోతుందేమో అనుమానించాలి. నీలం పొగ ఆయిల్ కాలడం. తొక్కినప్పుడు బాగా నల్లగా వస్తే ఇంజెక్టర్లు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే వాల్వు), ఎయిర్ ఫిల్టర్ చూడాలి.

ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత విప్పి మూత మీదే అలా వదిలేయండి. కాస్త అదరడం మామూలే. మూత ఎగిరిపడేంత గాలి కొడుతుంటే ఇంజను లోపలి పిస్టన్ రింగులు అయిపోయినట్టు, ఆ బండి వదిలేయండి. కూలంట్ ట్యాంకులో గులాబీ రంగు ద్రవం ఉండాలి. మంచినీళ్లు పోసి ఉంటే ఎక్కడో లీకు ఉంది, లేదా మెయింటెనెన్స్ మీద శ్రద్ధ లేదు. రేడియేటర్ మూత వేడి మీద తీయొద్దు.

తర్వాత రోడ్డు మీదికి. నాలుగో గేరులో 40 స్పీడు మీద ఉన్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం పైకి లేచి స్పీడు పెరక్కపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. క్లచ్ సెట్ మార్చడం అంటే గేర్‌బాక్సు దించాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి గట్టిగా బ్రేకు కొట్టి బండి పక్కకి లాగుతోందేమో, పెడల్ కాలికి కొట్టుకుంటోందేమో చూడండి. ఏబీఎస్ (గట్టి బ్రేకులో చక్రాలు జామ్ కాకుండా చూసేది) పనిచేసినప్పుడు వచ్చే టకటక వేరు, డిస్కు వంకరపోయి వచ్చే అదురు వేరు. ఆ అదురు నెమ్మదిగా తొక్కినా వస్తుంది.

స్పీడ్ బ్రేకర్ మీద కిటికీలు దించి వినండి. "టక్ టక్" అంటే ముందు లింక్ రాడ్లు, అవి చవకే. "డబ్" అని బరువుగా కొడితే లోయర్ ఆర్మ్ బుష్‌లో, షాకబ్జర్ మౌంటో. స్పీడు పెరిగేకొద్దీ "ఊ..." అని మోత వచ్చి, మలుపులో అది తగ్గడమో పెరగడమో జరిగితే వీల్ బేరింగ్.

తెనాలి_తెల్లబోర్డు
మల్లేశ్ గారూ, ఇది ప్రింట్ తీసుకుని పట్టుకెళ్తా. పికప్ గురించి ఎవరూ చెప్పలేదు. 68 హార్స్‌పవరేనట కదా? వినడానికే చాలా తక్కువగా ఉంది.

ఘాట్‌రోడ్డు_శీను
కాగితం మీద అంకె చూసి తీసిపారేసే బండ్లలో ఇది మొదటిది. 1364 సీసీ ఇంజను, 68 పీఎస్ పవర్. కానీ టార్క్, అంటే లాగే బలం, 170 ఎన్ఎం, అదీ 1800 నుంచి 2400 ఆర్‌పీఎం మధ్యలోనే వచ్చేస్తుంది. ఊళ్లో ఇంజను తిరిగేది సరిగ్గా అక్కడే. రెండో గేరులో పాకుతూ పోతుంటే పదేపదే గేరు మార్చే పని ఉండదు.

ఇందులో ఒక కిటుకు ఉంది. 3000 దాటించి లాగితే మోతే తప్ప పని జరగదు. పెట్రోలు బండి అలవాటున్నవాళ్లు అలాగే లాగి "పికప్ లేదు" అంటారు. 2200 దగ్గర పై గేరు వేసి టార్క్ మీద నడపాలి. అనంతగిరి మీదుగా అరకు ఎక్కేటప్పుడు, శ్రీశైలం ఘాట్‌లో మలుపు ముందే రెండో గేరుకి దించి 1800కి పైన ఉంచితే నలుగురు మనుషులు, సామానుతో ఎక్కేస్తుంది. 1500 కిందికి పడిందా, టర్బో నిద్రలేచేవరకు ఆగాల్సిందే. దిగేటప్పుడు కూడా అదే గేరు, బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే డిస్కులు కాలి పెడల్ మెత్తబడుతుంది.

హైవే ఓవర్‌టేక్‌కి మాత్రం ముందే లెక్క వేసుకోవాలి. 80 నుంచి 110కి లేవడానికి టైం తీసుకుంటుంది. దాన్ని ఏ మాటలతోనూ కప్పిపుచ్చలేం.

పెట్రోల్_పంతులు
అందుకే పెట్రోలు ఎటియోస్ ఒకసారి నడిపి చూడండి అంటాను. 1496 సీసీ, 90 పీఎస్, 132 ఎన్ఎం. బండి బరువు వెయ్యి కిలోల లోపే. తేలిక బండికి ఆ ఇంజను పెడితే ఎలా ఉంటుందో తొక్కితేనే తెలుస్తుంది. మూడో గేరులో 30 స్పీడు నుంచి తడబాటు లేకుండా లాగుతుంది. టొయోటా ఈ కారుతోనే 2013లో ఎటియోస్ మోటర్ రేసింగ్ అని రేసుల సిరీస్ నడిపింది. స్టాండ్‌లో వరసగా నిలబడ్డ తెల్ల క్యాబ్‌లు చూసినవాళ్లకి ఇది నమ్మబుద్ధి కాదు.

బెజవాడ_డీజిల్
పంతులుగారూ మైలేజీ సంగతి కూడా చెప్పండి. డీజిల్‌కి కంపెనీ లెక్క లీటరుకి 23.59. రోడ్డు మీద అంత రాదు, అయినా పెట్రోలు దాని దరిదాపుల్లో ఉండదు. నెలకి వెయ్యి కి.మీ. లోపు తిరిగేవాళ్లకి పెట్రోలు, బాగా తిరిగేవాళ్లకి డీజిల్. ఇంకోటి, డీజిల్‌లో టైమింగ్ చైన్ ఉంటుంది, లక్షకోసారి బెల్టు మార్చే ఖర్చు లేదు. ఆయిల్ వేళకి మార్చకపోతే మాత్రం ఆ చైనే గోల మొదలుపెడుతుంది.

ఓరుగల్లు_వీల్స్
ఆ మీటర్ సంగతి ఎవలూ మాట్లాడ్తలేరు. స్పీడు చూడాల్నంటే కళ్లు డాష్ నడుమకు తిప్పాలె. నాకు అదే పెద్ద మైనస్. పాత బండ్లల్ల అంకెలు కూడ సరిగ కనవడవు.

సుజాత_స్టీరింగ్
@ఓరుగల్లు_వీల్స్ పాతవాటిలో నిజమే. 2016 ఫేస్‌లిఫ్ట్‌లో (కొద్ది మార్పులతో వచ్చిన మోడల్) అంకెలు స్పష్టమయ్యాయి, చోటు మాత్రం మధ్యలోనే. కన్ను అలవాటు పడుతుంది కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద లేన్‌ని బట్టి లిమిట్ మారే చోట ఇబ్బందే. ఫోన్‌లో జీపీఎస్ స్పీడు పెట్టి స్టీరింగ్ వెనక హోల్డర్‌కి తగిలించుకుంటున్నారు కొందరు. ఇంకొక అసలు లోపం హెడ్‌లైట్లు. ఒకే హెచ్4 బల్బు, 60/55 వాట్లు. ఎక్కువ వాట్ల బల్బులు వేస్తే హోల్డరు, వైరు కాలిపోతాయి. బ్యాటరీ నుంచి నేరుగా రిలే వైరింగ్ కిట్ వేసి అదే వాట్ల మంచి బల్బు పెడితే వెలుగు తేడా కనిపిస్తుంది. లైటు ఎత్తు కూడా సరిచేయించాలి, లేకపోతే ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.

సెకండ్‌హ్యాండ్_శాస్త్రి
వైట్ బోర్డు ఉంది కదా అని సొంత బండి అనుకోవద్దు. ఎల్లో బోర్డుగా తిరిగి, పర్మిట్ సరెండర్ చేసి, లైఫ్ ట్యాక్స్ కట్టి వైట్‌కి మార్చినవి మార్కెట్లో చాలా ఉన్నాయి. మార్చడం చట్టబద్ధమే, దాచి అమ్మడమే తప్పు. ముందు ఎం-పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొట్టండి, తర్వాత ఆర్టీయే ఆఫీసులో పాత వివరాలు అడగండి. మొదట ట్రాన్స్‌పోర్ట్‌గా రిజిస్టర్ అయి ఉంటే అక్కడ తేలుతుంది.

బండిలో గుర్తులు కూడా ఉంటాయి. క్యాబ్‌లకి 80 దగ్గర ఆపేసే స్పీడ్ గవర్నర్ పెట్టేవారు. డ్రైవర్ కాళ్ల దగ్గర, యాక్సిలరేటర్ పెడల్ పైన టార్చ్ వేసి చూడండి. కత్తిరించి నల్ల టేపు చుట్టిన వైర్లు, పీకేసిన పెట్టె ఉన్నచోట రెండు స్క్రూ కన్నాలు కనిపిస్తే అదే. హైవే మీద 80 దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతే గవర్నర్ ఇంకా బతికే ఉంది. 2019 నుంచి కొత్త క్యాబ్‌లకి లొకేషన్ ట్రాకర్, వెనక ఎర్ర ప్యానిక్ బటన్లు తప్పనిసరి చేశారు. మీరు చూసే 2017 బండికి అవి లేకపోయినంత మాత్రాన ఏమీ రుజువు కాదు.

మీటరు 70 వేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అయిపోయి ఉంటే, వెనక ఎడమ డోరు హ్యాండిల్ ముందు డోరుదానికంటే ఎక్కువ అరిగి ఉంటే మీటరు తిప్పారనే లెక్క. సొంత బండిలో వెనక ఎడమ డోరు అంతగా వాడరు.

లిఫ్టుపిట్_మల్లేశ్
శాస్త్రిగారు చెప్పిన డోరు హ్యాండిల్ పాయింటు బంగారం. దానికి తోడు డ్రైవర్ సీటు కుడి అంచు, అంటే దిగేటప్పుడు ఒరుసుకునే చోట, కవరు ఎత్తి నొక్కి చూడండి. ఫోమ్ నలిగి లోపలి ఇనప చట్రం చేతికి తగిలితే రోజుకి చాలాసార్లు ఎక్కి దిగిన బండి.

బెజవాడ_డీజిల్
తెనాలి అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో మునిగిన బండ్లు కడిగి, ఆరబెట్టి అమ్మకానికి వచ్చాయి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చివర్లో బురద గీత ఉందేమో చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంటలో మూలలు, సీటు పట్టాల కింద బోల్టులు చూడండి. ముందు కార్పెట్ మూల పైకెత్తి కింది ఫోమ్ వాసన చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు కూడా అడగండి.

పెట్రోల్_పంతులు
మళ్లీ అసలు మాటకి వస్తే, పేరుకీ నడకకీ తేడా ఉన్న బండి ఎటియోస్ ఒక్కటే కాదు. నానో సంగతి చూడండి. లక్ష రూపాయల కారు అని ప్రచారం జరిగాక "చవక" అనే ముద్ర చెరగలేదు. నడిపితే మాత్రం కోఠీ, సుల్తాన్ బజార్ లాంటి చోట్ల దానికి సాటి లేదు. 624 సీసీ ఇంజను వెనక ఉండటంతో ముందు బరువు తక్కువ, పవర్ స్టీరింగ్ లేని మోడల్‌లో కూడా చక్రం తేలిగ్గా తిరిగేది. టర్నింగ్ రేడియస్ 4 మీటర్లే. ముందు టైర్ల వెడల్పు 135 మి.మీ., వెనకవి 155, సైజు వేరే. హైవే మీద లారీ దాటేటప్పుడు గాలికి ఊగేది, అదీ నిజమే. బయటి నుంచి చూసినవాళ్లకి ఈ రెండూ తెలియవు.

ఘాట్‌రోడ్డు_శీను
తలకిందులుగా కూడా జరుగుతుంది పంతులుగారూ. పెద్ద పేరున్న టర్బో పెట్రోలు కార్లలో డ్రై క్లచ్ ఉన్న డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్సు (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేరు మార్చేది) వాటిని ఎండాకాలం సాయంత్రం మియాపూర్ ట్రాఫిక్‌లో నడపండి. ఒకటికీ రెండుకీ మధ్య కుదుపు, క్లచ్ వేడెక్కి హెచ్చరిక. బ్రేకు మీద కాలు సగం ఎత్తి పాకించడం వల్లే అది వేడెక్కుతుంది. ముందు బండికి గ్యాప్ ఇచ్చి, బ్రేకు ఒక్కసారిగా పూర్తిగా వదిలి కదిలించాలి. ఇంత జాగ్రత్త షోరూంలో ఎవరూ చెప్పరు. ఆ కార్లకి పేరు గొప్ప, ట్రాఫిక్‌లో శ్రమ ఎక్కువ. హైవే ఎక్కితే అవే రాజులు.

డర్బన్_తెలుగు
ఇక్కడ దక్షిణాఫ్రికాకి 2012 నుంచి బెంగళూరు దగ్గర బిడదిలో తయారైన ఎటియోస్‌లే వచ్చాయి. బ్రెజిల్‌లో అదే ఏడాది సొరొకాబాలో తయారీ మొదలుపెట్టి అక్కడి కుటుంబాలకి మామూలు ఇంటి కారుగా అమ్మారు. అదే రేకు, అదే మధ్యలో మీటరు. ట్రావెల్స్ బండి అనే మాట మన దగ్గర పుట్టిందే. సేఫ్టీ గురించి ఎవరూ ఎత్తలేదు. 2016లో కార్లను గుద్దించి రక్షణ కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టులో రెండు ఎయిర్‌బ్యాగుల ఎటియోస్‌కి పెద్దల రక్షణలో 4 స్టార్లు వచ్చాయి, పిల్లల రక్షణలో 2. అప్పట్లో మన రోడ్ల మీద తిరుగుతున్న చాలా కార్లకి సున్నా.

సుజాత_స్టీరింగ్
@తెనాలి_తెల్లబోర్డు ఇంట్లోవాళ్లకి చెప్పాల్సిన మొదటి మాట ఇదే. 2016 ఫేస్‌లిఫ్ట్ నుంచి అన్ని వేరియంట్లలో రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి. మీది 2017 కాబట్టి ఉండాలి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో అనుమానించండి.

ఓరుగల్లు_వీల్స్
సేఫ్టీ మీద నేను కూడ ఒప్పుకుంట. కానీ అమ్మేటప్పుడు ఏమైతది? కొనేటప్పుడు తక్కువకు ఇచ్చిన్రంటే, అమ్మేటప్పుడు కూడ తక్కువకే పోతది కదా.

సెకండ్‌హ్యాండ్_శాస్త్రి
తక్కువకే పోతుంది, కానీ ఆ నష్టం మొదటి ఓనరు ఎప్పుడో మోసేశాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ నిబంధనలు రావడంతో ఈ కారు ఆగిపోయింది, కొత్తది దొరకదు. నమ్మకమైన డీజిల్ సెడాన్ కావాలనేవాళ్లు మిగిలే ఉన్నారు. కాబట్టి మీ చేతిలో పడిపోయేది కొంచెమే. ఒక్క జాగ్రత్త, ఢిల్లీ బండ్లు చవగ్గా వస్తున్నాయని వెళ్లకండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్‌ మీద ఆంక్షలు వచ్చినందుకే అవి చవకయ్యాయి. ఎన్వోసీ (అక్కడి ఆర్టీయే ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కలిపితే మిగిలేదేమీ ఉండదు.

తెనాలి_తెల్లబోర్డు
నడిపి వచ్చాం. వెనక మా అత్తయ్య, బాబాయి, చెల్లి. గతుకుల దగ్గర బాబాయి "ఇదేంటిరా, క్యాబ్‌లో ఇలా లేదే" అన్నారు. డోరు చప్పుడుకి మాత్రం అత్తయ్య ముఖం చిట్లించింది, ఓరుగల్లు గారికి ఒక మార్కు. గవర్నర్ గుర్తులు లేవు, వెనక హ్యాండిల్ కొత్తగానే ఉంది, ఆయిల్ మూత కాస్త అదిరింది అంతే. ఎడమ ముందు నుంచి టక్ టక్ ఉంది. 60 నుంచి బ్రేకు కొడితే స్టీరింగ్ అదురుతోంది. కొనొచ్చా?

లిఫ్టుపిట్_మల్లేశ్
లింక్ రాడ్లు జతగా మార్పించండి, ఒక్కటే మార్చొద్దు. బ్రేకు అదురు డిస్కులది. లేతులో స్కిమ్మింగ్ (పైపొర చెక్కి చదును చేయడం) చేయించొచ్చు, కానీ డిస్కు అంచు మీద రాసి ఉన్న కనీస మందం కంటే తగ్గకూడదు. తగ్గుతుందనిపిస్తే రెండు డిస్కులూ, ప్యాడ్లూ కొత్తవే. ఈ మొత్తం రాయించుకుని బేరంలో తగ్గించండి.

సెకండ్‌హ్యాండ్_శాస్త్రి
కాగితాల్లో పేరు మార్పిడికి ఫారం 29 మీద అమ్మేవాళ్ల సంతకం, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు, లోన్ ఉండి తీరిపోయి ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35, పెండింగ్ చలాన్లు కట్టిన రసీదు. బండి చేతికి వచ్చిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్పించాలి. పూర్తి డబ్బులు ఇచ్చే ముందే ఒరిజినల్ ఆర్సీ, రెండో తాళం అడగండి.